గేరు తగ్గించి దిగండి

కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని ఘాట్ దిగే బైకుల్లో కొన్నింటికి చప్పుడే ఉండదు. ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారిపోతుంటాయి. కిందికే కదా పోయేది, పెట్రోలు ఎందుకు దండగ అని లెక్క. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 బైకుల్లో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి వాలు దిగుతుంటే ఆ ఇంజిన్‌కు పెట్రోలు దాదాపు అందదు. చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది. కాబట్టి న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, పోయేదే ఎక్కువ. ఇంజిన్ వెనక్కి పట్టి ఉంచే బలం పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆపకుండా నొక్కి పట్టుకుంటే అవి వేడెక్కి పట్టు సడలుతుంది. డిస్క్ బ్రేకు ద్రవం ఏళ్ల తరబడి మార్చకపోతే తేమ పీల్చుకుని ఉంటుంది. ఆ వేడికి అది మరిగి బుడగలు కడితే లీవర్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

ఇదే ఘాట్‌లో 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. పట్టేదానికంటే చాలా ఎక్కువ మంది అందులో ఉన్నారు. జగిత్యాల జిల్లాలో ఆ రోజును ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. అయినా ఇంజిన్ ఆపి జారేవాళ్లు ఉన్నారు, అదే నాకు అర్థం కాదు.

పాత డ్రైవర్లు ఒక మాట చెబుతారు: ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. గేరు తగ్గించాల్సింది వాలు మొదలయ్యే చోట, పైనే. మలుపులోకి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నిర్ణయశక్తి గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. అవసరం కనబడకముందే వేగం తగ్గించుకోగలగడం కంటే పెద్ద నిర్ణయశక్తి నాకు తెలీదు. బండి దగ్గర ఇది అలవాటైనవాడు అప్పు తీసుకునే ముందూ, కోపంలో నోరు తెరిచే ముందూ ఒక క్షణం ఆగుతాడు.

కోరుట్ల నుంచి జగిత్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. ఎదురుగా గేదె కనబడి మీ చెయ్యి బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులో బండి 16 మీటర్లు దాటేస్తుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. వేగం 30 అయితే మొత్తం 13 మీటర్లలో ఆగవచ్చు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక సాగే దూరం నాలుగింతలవుతుంది. ఈ సూత్రం బడిలో అందరం రాశాం, హ్యాండిల్ పట్టుకోగానే మరిచిపోతాం.

కోతల కాలంలో ఇంకో చిక్కు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రాత్రిపూట వాటి అంచున పెట్టిన రాళ్లు. వడ్ల మీద బ్రేకు పడితే చక్రం పట్టు దొరక్క జారుతుంది. కాబట్టి గింజల దాకా రాకముందే వేగం తగ్గించి, హ్యాండిల్ నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటాలి. చలిదేశాల్లో మంచు మీద స్నోమొబైల్ నడిపేవాళ్లూ ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటారు. ముందు థ్రాటిల్ వదులుతారు, తర్వాతే కొద్దికొద్దిగా బ్రేకు నొక్కుతారు. ఒక్కసారిగా బిగిస్తే బండి అడ్డం తిరుగుతుంది.

ముందు బ్రేకంటే మనవాళ్లకు భయం, ఎగిరి పడతామని. బ్రేకు పట్టగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి పొడి రోడ్డు మీద బండిని ఆపే పట్టులో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. అయినా ముందు బ్రేకు వాడకం నేర్చుకోక తప్పదు. ఖాళీ మైదానంలో రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కడం సాధన చేయండి. ఆపదలో బుర్ర పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రెండేళ్లుగా ఇంట్లో మూలకున్న బండిని బయటికి తీసే ముందు బ్రేకు, టైర్లు, కేబుళ్లు మెకానిక్‌కు చూపించండి. సౌదీలో, దుబాయిలో కుడివైపు నడుస్తారు, ఇక్కడ ఎడమ. మొదటి వారం మలుపు దగ్గర చెయ్యి పాత అలవాటుకే పోతుంది. కొన్ని రోజులు ఊరిలోనే తిరగండి.

ఇక నూనె వేయడం సంగతి. ఈ విద్య నేర్చుకోవాలంటే సిరిసిల్ల పోవాలి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. నిమిషానికి వంద సార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకునే యంత్రానికి నూనె తక్కువైతే భాగాలు అరుగుతాయి, ఎక్కువైతే బట్ట మీద మరక పడుతుంది. మరక పడిన బట్టకు ధర రాదు. అందుకే అక్కడ నూనె వేయడమంటే ఎక్కడ, ఎంత అని తెలియడమే.

బైకు చైనుకూ అంతే. 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ వెంటనే. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా చైనుకు గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మట్టి తుడిచి, చైన్ స్ప్రే గానీ 90 నంబరు గేరు ఆయిల్ గానీ లోపలి వైపు సన్నగా పట్టించి, కాసేపాగి మిగిలింది తుడిచేయండి. ఇంజిన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ ఊరికే వస్తుంది కదా అని పూయకండి, అందులో లోహపు పొడి ఉంటుంది. క్లచ్ కేబుల్‌కు, బ్రేకు పెడల్ ఇరుసుకు ఒక్కో చుక్క చాలు. డిస్కు మీద, బ్రేకు షూల మీద మాత్రం చుక్క కూడా పడకూడదు. జానెడు దూరంలో ఉన్న రెండు భాగాల్లో ఒకటి జారాలి, ఒకటి పట్టాలి.

నెలకోసారి సర్వీసింగ్‌కు ఇస్తున్నాం కదా అనేవాళ్లు బండి పుస్తకం తెరిచి చైను ఎంత వదులుండాలో చదవండి. చిన్న బైకులకు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు. ఈ ఆదివారం మీ బండి చైను వేలితో కదిపి చూడండి, బ్రేకు లీవర్ ఎంత దూరం పోతోందో చూడండి. లోపలికి ఎక్కువ పోతుంటే సోమవారం ఆఫీసుకు బస్సెక్కండి, బండిని మెకానిక్ దగ్గరికి పంపండి.