గాలిని కొలిచాకే గాలిమర
కరెంటు పోతే పాలు చల్లబడవు. విరిగిన పాలకు ధర రాదు. అందుకే కొండ ఊళ్ల సంఘాలకు గాలిమర ఆలోచన రావడం సహజమే. అయితే అరకు దగ్గరి గాలికొండ పేరు విని గాలిమర కొనరాదు. పాలకు వెన్న శాతం చూసి ధర కడుతున్నాం. గాలికి వేగం చూడాలి. వేగం రెండింతలైతే గాలిలోని శక్తి ఎనిమిదింతలవుతుంది. సగానికి తగ్గితే ఎనిమిదో వంతే మిగులుతుంది. కొండకొన మీది గాలి లోయలో అంతగా ఉండదు. వానకారు గాలి ఏడాది పొడవునా వీచదు. కాబట్టి మర నిలిపే చోటనే, అంత ఎత్తునే, ఏడాదిపాటు గాలి వేగాన్ని కొలిచి పుస్తకంలో రాయాలి.

డెన్మార్కులోని సామ్సో దీవిలో 2000లో నేలపై నిలిపిన 11 గాలిమరల్లో 9 రైతులవి, 2 సహకార వాటాదారులవి. వాటాల పద్ధతి మనకూ తెలిసిందే. ముందు గాలిని కొలుద్దాం. ఆ తర్వాతే వాటాలు సేకరిద్దాం.