నామ్చే గడప

బాపట్ల.

చిరంజీవి ప్రభాకరునకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.  

కార్తికమాసమున మిత్రులతో గూడి నేపాళమునకేగి, లుక్లా మొదలుకొని ఎవరెస్టు బేస్ క్యాంపు వరకు నడచి రాదలచితివని నీ జాబు వలన తెలిసికొని మిక్కిలి సంతసించితిని. అయితే అందు నీవు పొందుపరచిన ప్రయాణక్రమములో నామ్చే బజారు అను పేరునకెదుట ఒక్క రాత్రి మాత్రమే కనబడినది. సెలవు చాలదు గనుక మరునాడే పైకి సాగెదమంటివి. ఈ యుత్తరమంతయు ఆ లోపించిన రెండవ రాత్రిని గూర్చియే.

లుక్లాలో విమానము దిగి, దూధ్ కోసీ నది వెంట నడచి, 2,610 మీటర్ల యెత్తున గల ఫాక్డింగ్ గ్రామమున తొలిరాత్రి పరుండి, మరునాడు మోంజో వద్ద సగర్‌మాథా జాతీయోద్యానమున ప్రవేశించి, రెండు నదులు కలియు తావున మిన్నున వ్రేలాడు వంతెనను దాటి, పైన్ చెట్ల నీడలో మలుపు వెంట మలుపుగా ఆరువందల మీటర్లెక్కినచో, గుర్రపునాడా వలె వంగిన కొండ యొడిలో మెట్లు మెట్లుగా అమరిన యిండ్లతో, 3,440 మీటర్ల యెత్తున ఆ పట్టణము కనబడును. పూర్వము టిబెట్టు ఉప్పును ఉన్నిని నాంగ్పా లా కనుమ మీదుగా యాకులపై తెచ్చి, దిగువ కొండల ధాన్యమునకు మార్చుకొనిన షెర్పా వర్తకుల నెలవది. నేటికిని శనివారపు సంతకు దిగువ గ్రామములవారు బరువులు మోసికొని వచ్చుచునే యుందురు.

మన యిండ్లలో గడపకు పసుపు పూసి బొట్టు పెట్టుదుము. దానిని తొక్కినవానిని పెద్దలు మందలింతురు. దూరమునుండి వచ్చినవాడు గడప యివతల నిలిచి, కాళ్లు కడుగుకొని, చెమట యారిన పిమ్మట గాని లోనికి రాడు. ఆ మహాపర్వతములకు నామ్చే అట్టి గడప. అచ్చట ఆగుట ప్రయాణమునకు అంతరాయము కాదు. అది ప్రయాణములో ఒక భాగము.

ఇది మర్యాద కొరకే చెప్పిన మాట కాదు. ఎత్తునకు పోయిన కొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు గాని, గాలి యొక్క ఒత్తిడి తగ్గును. నామ్చేలో పీల్చిన ప్రతి శ్వాసలోను సముద్రతీరమున దొరకుదానిలో మూడింట రెండు పాళ్ల ప్రాణవాయువే యుండును. బేస్ క్యాంపు కడ అది సగమునకు దిగును. ఈ కొరతకు దేహము అలవడగలదు; కాని అలవడుటకు దినములు కావలెను. మూడువేల మీటర్లు దాటిన తరువాత నిద్రించు ఎత్తు దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెరుగరాదని వైద్యులు విధించిరి. ఫాక్డింగ్ నుండి నామ్చేకు ఎనిమిదివందల మీటర్లకు పైబడి ఒక్కసారిగా ఎక్కుదువు. ఆ ఋణమును తీర్చునదే రెండవ రాత్రి.

ఆ ఋణమును ఎగవేసిన ఫలమును నేను కన్నులార చూచితిని. ముప్పదియేండ్ల ప్రాయమున మేము నలుగురము, ఒంట్లో బాగుగనే యున్నదను ధైర్యముతో, నామ్చేలో ఒక్క రాత్రి గడపి తెంగ్‌బోచేకు సాగితిమి. ఆ సాయంకాలము మాలో ఒకడు తలనొప్పియని అన్నము ముట్టలేదు, రాత్రి వాంతియైనది, ప్రయాణపు బడలికయని మేము సరిపెట్టుకొంటిమి. తెల్లవారుసరికి అతడు త్రాగినవానివలె తూలుచు, అడిగినదానికి పొంతనలేని మాటలాడుచుండెను. మా సామాను మోయుచున్న షెర్పా యువకుడు, ఒక్క క్షణమైనను ఆలోచింపక, మా మూటలను అచ్చటి మఠము చెంత విడిచి, అతనిని వీపున వేసికొని దిగువకు బయలుదేరెను. ఆరువందల మీటర్లు దిగి నది చేరుసరికి మిత్రుని మాట తేటపడెను. ఇంకొక పూట ఆలసించిన ఏమగునో తలచిన నేటికిని నా గుండె ఝల్లుమనును. తలనొప్పి కలిగిన పైకి పోవలదు. నడక తడబడినను, కూర్చున్నపుడే ఆయాసము వచ్చినను, అర్ధరాత్రియైనను సరే, దిగువకు దిగవలెను. ఔషధము సహాయము మాత్రమే, దిగుటయే చికిత్స.

విరామదినమన గదిలో పరుండు దినమని తలంపకుము. పగలు ఎత్తునకు నడచి, రాత్రి దిగువన నిద్రించుట అభ్యాసమునకు మేలైన మార్గము. ఉదయముననే స్యాంగ్‌బోచే మీదుగా ఎక్కి, ఎవరెస్టును కన్నుల నిండ చూచి, ఖుంజుంగ్ గ్రామమునకు పొమ్ము. 1953 మే 29న టెన్సింగుతో కలసి శిఖరమెక్కిన హిల్లరీ, ఆ షెర్పాల ఋణమును మరువక, 1961లో ఆ గ్రామమున పాఠశాలను, 1966లో ప్రక్కనున్న ఖుండేలో ఆసుపత్రిని నెలకొల్పుటకు పాటుపడెను. శిఖరముపై ఆయన నిలిచినది నిమిషముల కాలము. ఆ బడిలో పిల్లలు నేటికిని చదువుచున్నారు. ఆ గ్రామముల మీద నిలిచిన ఖుంబీలా పర్వతము షెర్పాలకు దైవము, దానిని వారెక్కరు. ఎక్కకుండ నమస్కరింపదగిన కొండయు నుండునని అచ్చట నేర్చుకొనుము.

మరికొన్ని మాటలు. మంత్రాక్షరములు చెక్కిన రాతిగోడలు దారిలో ఎదురగును. మన ప్రదక్షిణము వలెనే అవి నీ కుడివైపున నుండునట్లు నడువుము. యాకులు వచ్చునపుడు కొండవైపున ఒదిగి నిలువుము. లోయవైపున నిలిచినవానిని యాకుల మూటలు త్రోసివేయును. ఆ ప్రాంతమున పశువధ లేదు. మాంసము దిగువనుండి దినముల తరబడి మోతపై వచ్చును గనుక పప్పు అన్నముతోనే తృప్తిపడుము. నీ మూట మోయువానికి చలిబట్టలున్నవో లేవో, భోజనమైనదో లేదో, నీవు తినుటకు ముందు విచారింపుము. మేఘము కమ్మినచో లుక్లా విమానములు ఎగురవు. కావున తిరుగుప్రయాణమునకు రెండు మూడు దినములు మిగిల్చి యుంచుము.

మన పూర్ణ, నిజామాబాదు జిల్లా బాలిక, 2014లో పదునాలుగేండ్లు నిండకమునుపే టిబెట్టు వైపునుండి ఎవరెస్టునెక్కెనని నీవు గర్వముతో వ్రాసితివి. ఆ గర్వము నాకును కలదు. కాని భువనగిరి బండమీద మొదలిడి, డార్జిలింగులోను లడఖ్‌లోను ఆ బిడ్డ ఓపికతో చేసిన అభ్యాసమును కూడ నీ జాబులో వ్రాసియుండిన మరింత సంతసించియుందును.

నాయనా, సెలవు చాలకున్నచో బేస్ క్యాంపును మానుకొనుము. తెంగ్‌బోచే వరకు పోయి మరలి వచ్చినను అది సంపూర్ణమైన యాత్రయే. నామ్చేలో రెండవ రాత్రిని మాత్రము మానుకొనవలదు. ఆ రాత్రిని చేర్చి, సవరించిన ప్రయాణక్రమమును తిరుగుటపాలో నాకు పంపుము. అది చూచిన పిమ్మటనే మీ అమ్మతో నీ ప్రయాణమునకు నా సమ్మతి తెలిపెదను.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరు
మేనమామ