పానగల్లుకు వచ్చే ముందు

నల్లగొండ

బిడ్డా,

శనివారం హైదరాబాదు నుంచి నల్లగొండకు, ఆదివారం పిల్లలమర్రి చూసుకుని మళ్లీ ఇంటికి, అంతా సైకిల్ మీదే అని రాశావు. సంతోషం. కానీ నా మాట విను, అంత దూరం పెట్టుకోకు. రెండు రోజులూ నల్లగొండ పక్కనున్న పానగల్లులోనే తిరుగు. పిల్లలమర్రిలోని రేచర్ల రెడ్ల గుళ్లు ఎక్కడికీ పోవు, అక్కడికి ఇంకోసారి పోదాం.

65వ నంబరు రహదారి మీద లారీల పక్కన వంద కిలోమీటర్లు తొక్కితే చూసేదేమీ ఉండదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం తప్ప. సైకిల్‌ను రైల్లో లగేజీ కింద బుక్ చేసి నల్లగొండలో దిగు.

పానగల్లులో ముందు గుడికి పోకు, ఉదయసముద్రం చెరువు కట్ట ఎక్కు. కందూరు చోడుల రాజధాని పానగల్లు. చెరువుకు ఆ పేరు ఉదయచోడుడి వల్లే వచ్చిందంటారు. ఈ రాతినేలలో వాననీళ్లు ఆపగలిగారు కనుక వరి పండింది, వరి పండింది కనుకే గుళ్లు లేచాయి. ఇప్పుడా చెరువు ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయరు, కృష్ణా నీళ్లు ఎత్తిపోసి నింపుతున్నారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని, ఆ కట్ట మీద నిలబడితే నాకు కడుపు నిండినట్టుంటుంది.

తర్వాత పొలాల మధ్య నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి పో. మూడు గర్భగుళ్లకూ మధ్య ఒకటే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చినా, వాలినా అది జరగదు. ఏ స్తంభం నీడో వెతుకు, దొరకదు. సూటిగా పడే ఎండ కాదది. స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు కలిసి వేసే నీడ. పొద్దున ఒకసారి చూడు, మధ్యాహ్నం మళ్లీ వచ్చి చూడు. పది నిమిషాల్లో ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఆ పనితనం అందదు. ఊళ్లో పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉన్నాయి. ఆదివారం పొద్దంతా దానికే ఉంచుకో. పక్కనే మ్యూజియం ఉంది.

కోతల కాలంలో వస్తున్నావు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీద నుంచి తొక్కకు, దిగి పక్క నుంచి నడిపించుకుంటూ పో. కాలవగట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు టైరులోకి దిగుతాయి. రెండు ట్యూబులు, పంపు, ప్యాచులు, సొల్యూషన్ పెట్టుకో. మధ్యాహ్నం పన్నెండు దాటాక చెట్టు నీడ చూసుకుని ఆగు. కల్లం దగ్గరివాళ్లు నీళ్లిస్తే తాగి, చెరువు సంగతి అడుగు. ఏ తూము నీళ్లు ఎవరి మడికి పోతాయో వాళ్లకే తెలుసు.

లాడ్జి బుక్ చేయకు. మీ పెద్దమ్మ శనివారం రాత్రికి జొన్నరొట్టెలు చేస్తానంటోంది. ఏ రైలుకు వస్తావో శుక్రవారం ఫోన్ చేసి చెప్పు, స్టేషనుకు వస్తాను.

ఆశీస్సులతో
మీ పెద్దనాన్న