చెరువు చుట్టును ఒక నడక
(పంచాయతీ సభ్యులకు పాఠము)

తెలంగాణ పల్లెలలో పూర్వము నీరటి దినదినమును చెరువుకట్టపై నడచెడివాడు. తూము తెరచుట, మూయుట, నీటిని వంతుల ప్రకారము పంచుట అతని పనులు. వానితోపాటు కట్ట క్షేమమును గూడ అతడే కనిపెట్టుచుండెను. నేడు చాల గ్రామములలో ఆ నడక నిలిచిపోయినది.

బోనకల్ ప్రాంతమున దీనికొక కారణము కలదు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువనుండి బోనకల్ బ్రాంచి కాలువ ఈ పొలములకు నీరు తెచ్చినది. కాలువ వచ్చిన పిదప చెరువుపై శ్రద్ధ తగ్గుట సహజమే. కాని సాగరమునకు వరద రాని యేడు కాలువకును నీరు చాలదు. అప్పుడు ఊరివారు మరల చెరువు వైపే చూడవలసి వచ్చును.

చెరువును కాపాడుకొను ఉపాయములలో మిక్కిలి చవుకైనది దాని చుట్టును నడచుట. ఖమ్మం నగరమున లకారం చెరువుకట్ట నేడు జనులు నడచు చోటైనది. పల్లెలో అంతటి అలంకారము అక్కరలేదు. ముండ్లకంపలు తొలగిన కాలిబాట చాలును.

దారి ఎంత?

80 ఎకరముల నీటివైశాల్యము గల చెరువు గుండ్రముగా నున్నదనుకొందము. దాని చుట్టుకొలత ఇంచుమించు 2 కిలోమీటర్లు. చెరువు వంకరటింకరగా నున్నచో మరికొంత హెచ్చును. నెమ్మదిగా నడచువారికిని అరగంట, ముప్పావుగంటకు మించదు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారమున ఐదు దినములు అరగంట చొప్పున నడచినచో ఆ లెక్క సరిపోవును. ఒంటికి మేలు, ఊరికి కావలి, రెండును ఒక్క నడకతో సిద్ధించును.

నడచుచు చూడవలసినవి

1. కట్ట వెనుక వాలు: ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు గలవేమో చూడవలెను. కట్టపై పెరిగిన పెద్దచెట్టు చచ్చినచో దాని వేళ్లు కుళ్లి, ఆ సందులగుండ నీరు దారి చేసికొనును.

2. ఊట: కట్ట దిగువన ఊట కనబడినచో అధికారులకు తెలుపవలెను. ఆ నీరు బురదగా నున్నచో కట్టలోని మట్టి కొట్టుకొని వచ్చుచున్నదని గుర్తు. అట్టిచో ఒక్క పూటయైనను ఆలసింపరాదు.

3. తూము: తలుపు కదలుచున్నదా, తూము చుట్టును మట్టి క్రుంగినదా చూడవలెను.

4. అలుగు: నీరు హెచ్చుగా నిలుచునన్న ఆశతో కొందరు అలుగుపై రాళ్లు, ఇసుక బస్తాలు పేర్చుదురు. పెద్దవాన వచ్చినపుడు ఆ నీరు అలుగు దాటలేక కట్టను దాటును. అదే గండికి మూలము.

ఈ మాటలు భయపెట్టుటకు కావు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు మున్నేరు పొంగి ఖమ్మం లోతట్టు పేటలను ముంచినది. కేసముద్రము వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయి, బోనకల్ మీదుగా విజయవాడకు పోవు మార్గమున రైళ్లు ఆగినవి. అట్టి వాన మరల రాదని ఎవరును పూచీపడలేరు. వానకు ముందు కనుగొన్న బొరియను నాలుగు తట్టల మట్టితో పూడ్చవచ్చును. వాన నడుమ పడిన గండిని ఊరంతయు కూడినను ఆపుట కష్టము.

కట్ట లేని వైపు

కట్టపై నడచుట సులభము. వాగులు వచ్చి కలియు ఎగువ వైపుననే చిక్కు కలదు. నీరు తగ్గినపుడు బయటపడు శిఖము భూమి హద్దు అక్కడ చెరగిపోవును. అలుగు గడప ఎత్తుకు సమమైన మట్టమే నిండు చెరువు హద్దు. రెవెన్యూ, నీటిపారుదల అధికారులచే ఆ హద్దును కొలిపించి రాళ్లు పాతించుకొనవలెను. ఆ రాళ్ల వెలుపలి అంచున కాలిబాట సాగవలెను. పదిమంది నడచు దారిని ఒక్కడు రాత్రికి రాత్రి కలుపుకొనజాలడు.

ఇందు రెండు జాగ్రత్తలు కలవు. శిఖములో పట్టా గల రైతు నీరు తగ్గినపుడు సాగు చేసికొనుచుండును. అతనితో ముందుగా మాటలాడి, అతని సమ్మతితోనే బాట వేయవలెను. రెండవది, చెరువులోనికి నీరు తెచ్చు వాగులపై మట్టి పోసి దారి ఎత్తు చేయరాదు. నడచువారి సుఖము కొరకు చెరువు గొంతు నొక్కినట్లగును. అట్టి చోట మెట్టు రాళ్లు చాలును. వాగు పారునపుడు ఆ వైపు పోకుండుటయే మేలు.

మొదటి నడక

పూర్వపు ఖమ్మం జిల్లాలోని బయ్యారం చెరువు కాకతీయుల నాటిది. అది తరతరములుగా నిలుచుటకు కట్టినవారితో పాటు కాచినవారును కారకులని మేము తలంచుచున్నాము.

కావున సభ్యులకు మా మనవి ఒక్కటే. తొలకరికి ముందు ఒక ఉదయము సర్పంచి, సభ్యులు, ఆయకట్టు రైతులు, మహిళా సంఘముల వారు కలిసి చెరువును ఒకమారు చుట్టి రండు. చేత కర్ర, ఒక నోటుపుస్తకము ఉండవలెను. చూచినది చూచినట్లు వ్రాసికొని, తదుపరి గ్రామసభలో చదివి వినిపింపుడు. వర్షకాలమున నెలకొకమారు, పెద్దవాన వెలిసిన మరునాడు తప్పక, ఆ నడక సాగవలెను. ఊరు నడచిన చెరువు ఊరికి దక్కును.