అనుభవం అమ్ముతామనే వాళ్లతో జాగ్రత్త
ఐటీలో తొలి అడుగు వేసే ఫ్రెషర్లు చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కోర్సుల కరపత్రాలు చేతిలో పడతాయి. ఆ గల్లీల్లో ఓపిగ్గా పాఠం చెప్పి ఎందరినో ఉద్యోగాల్లో నిలబెట్టిన గురువులున్నారు. ‘మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, డబ్బు కట్టు చాలు’ అనేవాళ్లూ అక్కడే ఉన్నారు. డిగ్రీ పట్టా, ఒక చిన్న సర్టిఫికేషన్ తప్ప ఇంకేమీ లేని పిల్లలకు అసలు ముప్పు ఈ రెండోవాళ్లతోనే. అందుకే చేయకూడనివి ముందు చెబుతున్నాను.

చేయకూడనివి

చేయని ఉద్యోగాన్ని రెజ్యూమేలో రాయకండి. ఆఫర్ ఇచ్చే కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తుంది. మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద ఏ సంస్థ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టిందో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. ఎప్పుడో మూతపడిన కంపెనీ లెటర్‌హెడ్ మీద కొట్టించిన రిలీవింగ్ లెటర్ అక్కడ నిలవదు. చేరిన ఏడాదికి బయటపడినా ఉద్యోగం పోతుంది, దొంగ పత్రం పెట్టినందుకు కేసూ కావచ్చు. పత్రం అమ్మినవాడు అప్పటికి ఫోన్ ఎత్తడు. మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూకి కూర్చునే ప్రాక్సీ పద్ధతికీ ఇదే గతి.

ఉద్యోగం కోసం డబ్బు కట్టకండి. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, బ్యాక్‌డోర్ అని ఏ పేరు పెట్టినా సరే. శిక్షణకు ఫీజు వేరు, ఉద్యోగానికి ధర వేరు. టెన్త్ మెమో, ప్రొవిజనల్ లాంటి ఒరిజినల్స్‌ను ఎవరి దగ్గరా వదిలి రాకండి. చూపించండి, వెంటనే వెనక్కి తీసుకోండి. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు అడగండి.

టూరిస్ట్ వీసా మీద విదేశీ ఉద్యోగానికి బయల్దేరకండి. డేటా ఎంట్రీ కొలువులని చెప్పి మన కుర్రాళ్లను కాంబోడియాకు తరలించి, అక్కడ వాళ్లచేత సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

సర్టిఫికేషన్ పరీక్షకు డంప్స్ (బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టకండి. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్లీ రాయనివ్వకపోవచ్చు. దొరక్కపోతే జరిగేది ఇంకా బాధాకరం. సపోర్ట్ ఇంటర్వ్యూలో ఒక మామూలు ప్రశ్న చూడండి: ‘యూజర్‌కి నెట్ రావట్లేదు, ఐపీ 169.254తో మొదలైంది, ఏం చేస్తావు?’ ఆ మెషీన్‌కి డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందలేదని డంప్స్ చదివినవాడూ చెబుతాడు. ‘సరే, తర్వాత?’ అంటే ఆగిపోతాడు. ఒక్కసారైనా చేత్తో చేసినవాడు కేబుల్ చూస్తానంటాడు, పక్క సిస్టమ్‌కి నెట్ వస్తోందా అని అడుగుతాడు, రిలీజ్ చేసి రెన్యూ కొడతానంటాడు. అప్పటికీ రాకపోతే స్విచ్ పోర్టు, దాని వీల్యాన్, చివరికి సర్వర్ దాకా వెళ్తాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది ఈ వరస కోసమే.

చేయవలసినవి

ఒక దారి ఎంచుకుని ఒక్క పరీక్షతో మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ సపోర్ట్‌కి కాంప్టియా ఏ ప్లస్, నెట్‌వర్కింగ్‌కి సీసీఎన్ఏ, క్లౌడ్ పరిచయానికి ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ లేదా మైక్రోసాఫ్ట్ ఏజెడ్-900. ఏ ప్లస్‌కి రెండు పరీక్షలు రాయాలి, రెండింటికీ ఫీజు వేర్వేరు. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది మరవకండి. ఏ ప్లస్, సీసీఎన్ఏ, క్లౌడ్ ప్రాక్టీషనర్ మూడేళ్లే చెల్లుతాయి. ఏజెడ్-900కి గడువు లేదు. నా మాటగా చెప్పాలంటే, క్లౌడ్ పరిచయ పరీక్ష ఒక్కటే పాసై ఉద్యోగం కోసం ఎదురుచూడటం వృథా. సీసీఎన్ఏ కష్టమే, కానీ దానికోసం పడే శ్రమ ఇంటర్వ్యూలో అక్కరకొస్తుంది.

పరీక్షకు పేరు నమోదు చేసేటప్పుడు గుర్తింపు కార్డులో ఉన్నది ఉన్నట్టే రాయండి. మన పేర్లతో ఇదో చిక్కు: టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. నమోదు చేసిన పేరు, చూపించే కార్డులోని పేరు కలవకపోతే పరీక్ష రాయనివ్వరు, కట్టిన ఫీజూ పోవచ్చు. ఇంట్లోంచి రాస్తుంటే టేబుల్ ఖాళీ చేయండి, రెండో మానిటర్ ప్లగ్ తీసేయండి, గదిలోకి ఎవరూ రావొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. ప్రశ్న పైకి చదివే అలవాటుంటే మానుకోండి, ప్రాక్టర్ హెచ్చరిస్తాడు.

సాధన సొంత ల్యాబ్‌లోనే చేయండి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్, వర్చువల్‌బాక్స్ ఉచితంగానే దొరుకుతాయి. హ్యాకింగ్ నేర్చుకుంటున్నామని పక్కింటి వైఫై మీదో కాలేజీ సర్వర్ మీదో చేయి వేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడవచ్చు. క్లౌడ్ ఖాతా తెరవగానే రూట్ లాగిన్‌కి ఎంఎఫ్‌ఏ పెట్టండి, బడ్జెట్ అలర్ట్ పెట్టండి, పని అయ్యాక అన్నీ డిలీట్ చేయండి. వాడకపోయినా నాట్ గేట్‌వేకి గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది. యాక్సెస్ కీ పొరపాటున కూడా గిట్‌హబ్‌లోకి వెళ్లకూడదు. వాటికోసమే కాచుకుని ఉండే ప్రోగ్రాములున్నాయి. ఆ కీ దొరికితే మోసగాళ్లు మీ ఖాతాలో పెద్ద సర్వర్లు లేపి బిల్లు మీ నెత్తిన వేస్తారు.

చేసిన ప్రతి ల్యాబ్‌నూ రాసిపెట్టుకోండి: ఏం చెడింది, ఎలా కనిపెట్టారు, ఎలా బాగుచేశారు. ‘అనుభవం లేదండీ, కానీ ఇవి చేశాను’ అని చూపించడానికి అదే ఆధారం. ఎల్1 సపోర్ట్, సర్వీస్ డెస్క్, చిన్న ఆఫీసుల్లో డెస్క్‌టాప్ పని, ప్రభుత్వ నాట్స్ పథకం కింద అప్రెంటిస్‌షిప్ దేన్నీ చిన్నచూపు చూడకండి. అక్కడ వచ్చే ఆరు నెలల అనుభవానికి ఏ వెరిఫికేషన్ భయమూ ఉండదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ‘ఎదురింటి అబ్బాయికి వచ్చింది, నీకెందుకు రాలేదు’ అని రోజూ అడగకండి. దొంగ అనుభవం కొనుక్కునే వైపు పిల్లల్ని నెట్టేది ఒక్కోసారి ఆ మాటే.

ఎవరికైనా ఇప్పటికే డబ్బు పంపి మోసపోతే పరువు పోతుందని దాచకండి. వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. వాట్సాప్ చాట్లు, యూపీఐ రసీదులు డిలీట్ చేయకుండా ఉంచండి.