గ్రిడ్ విద్యుత్ అందని క్షేత్రాలలో సౌర బ్యాటరీల ఎంపిక, మార్పిడి

విద్యుత్ లైను చేరని పొలాలలో కావలి గదులకు, పశువుల పాకలకు సౌర విద్యుత్తే ఆధారం. సౌర ఫలకాలు 20 సంవత్సరాలకు పైగా పనిచేస్తాయి. బ్యాటరీలను మాత్రం ఈ కాలంలో పలుమార్లు మార్చవలసి వస్తుంది. పాత బ్యాటరీ పాడైన కారణాన్ని గుర్తించకుండా కొత్తది అమర్చినచో, అదియు త్వరలోనే పాడై రైతు పెట్టుబడి మరల వృథా అవుతుంది.

సామర్థ్య నిర్ణయం: ముందుగా రోజువారీ వాడకాన్ని లెక్కించాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు 5 గంటలు వెలిగితే 180, 25 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే 200, ఫోన్ల ఛార్జింగ్‌కు 20, మొత్తం 400 వాట్ అవర్లు అవసరం. మబ్బు పట్టిన రెండు రోజులకు 800 వాట్ అవర్లు నిల్వ ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం నిల్వనే వాడుకోవడం శ్రేయస్కరం. కనుక 12 వోల్టుల వద్ద సుమారు 133, అనగా మార్కెట్లో లభించే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తగును. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 శాతం వరకు వాడుకోవచ్చు గనుక 12.8 వోల్టుల 80 ఆంపియర్ అవర్లది సరిపోతుంది. దీని ధర ఎక్కువైనను మన్నిక అధికం. అయితే ఛార్జ్ కంట్రోలర్ ఈ రకానికి అనువైనదై ఉండాలి.

పాడగుటకు కారణాలు: ఫలకాలపై దుమ్ము, చెట్ల నీడ వలన బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ కాక పలకలపై సల్ఫేట్ గట్టిపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. కావున వేసవిలో రేకుల గదిలో కాక, గాలి వీచే నీడపట్టున ఉంచాలి. నీటి మట్టం తగ్గినచో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీరు, యాసిడ్ పోయరాదు.

మార్పిడి: పూర్తిగా ఛార్జ్ చేసి హైడ్రోమీటరుతో ఆరు గదులను పరీక్షించాలి. ఏదైనా గదిలో విశిష్ట సాంద్రత మిగిలిన వాటికంటే 0.050కు మించి తక్కువైనచో ఆ గది దెబ్బతిన్నట్లే. వరుసగా కలిపిన బ్యాటరీలను ఒకేసారి మార్చాలి. పాతదానితో కలిపిన కొత్తది త్వరగా క్షీణిస్తుంది.

పాత బ్యాటరీని పొలంలో పగులగొట్టరాదు. సీసం నేలను, నీటిని విషపూరితం చేస్తుంది. దానిని విక్రేతకు గాని, అనుమతి పొందిన పునర్వినియోగ కేంద్రానికి గాని అప్పగించాలి.