క్రైస్తవ మతమున సజ్జనుడెవడు?

లోకులు ఒకనిని సజ్జనుడని చెప్పుటకు సామాన్యముగా నాలుగు గుణములు చాలును. అతడు తీసికొన్న ఋణమును ఎగవేయడు, మద్యము ముట్టడు, కూటసాక్ష్యము పలుకడు, పరుల జోలికి పోడు. ఈ కొలత తప్పని మేము చెప్పబోము. ఈ నాలుగును లేనివారి నడుమ కాపురము చేసినవారికి వాని విలువ బాగుగ తెలియును. అయినను ఇవి యన్నియు మానుటలే గాని చేయుటలు కావు. కీడు మానినంతమాత్రమున మనుష్యుడు మంచివాడగునా? అందుకు ఇంకేమైన కావలయునా? కావలసినచో అది యెచ్చటనుండి వచ్చును? క్రైస్తవమతము ఈ ప్రశ్నలను దాదాపు రెండువేల సంవత్సరములనుండి తనలో తాను విచారించుకొనుచున్నది. ఆ విచారమును పరిశీలించుట ఏ మతమువారికైనను లాభకరమని తలచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట మార్కు సువార్త పదియవ అధ్యాయములోని కథను చూతము. ధనవంతుడొకడు పరుగెత్తుకొనివచ్చి యేసు ఎదుట మోకాళ్లూని, సద్బోధకుడా యని సంబోధించి, నిత్యజీవము పొందుటకు తానేమి చేయవలెనని అడిగెను. యేసు ముందుగా ఆ సంబోధనమునే పట్టుకొనెను. మంచివాడను పేరు దేవునికొక్కనికే చెల్లునని తెలిపి, తన్నట్లు పిలిచిన కారణమేమని ప్రశ్నించెను. పిమ్మట నరహత్య, వ్యభిచారము, దొంగతనము, అబద్ధసాక్ష్యము, మోసము మానవలెననియు, తలిదండ్రులను సన్మానింపవలెననియు చెప్పు ఆజ్ఞలను జ్ఞాపకము చేసెను. వీనినన్నిటిని బాల్యమునుండి పాటించుచున్నానని ఆతడు బదులుపలికెను. ఆ మాట బొంకని సువార్తికుడు వ్రాయలేదు. యేసు ఆతనిని చూచి ప్రేమించెననియే వ్రాసెను. అట్టివానికి కొదువ యొక్కటియే. ఉన్నదంతయు అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మని యేసు చెప్పగా, ఆతడు మిక్కిలి ఆస్తిగలవాడగుటచేత మొగము చిన్నబుచ్చుకొని వెళ్లిపోయెను.

ఈ కథయందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, క్రైస్తవమతమున మంచితనమునకు కొలత దేవుడే గాని ఇరుగుపొరుగువారు కారు. తోడివారితో పోల్చుకొన్నయెడల మనలో ప్రతివాడును ఎవనికంటెనో మంచివాడే యగును. రెండవది, ఆజ్ఞలను మీరకుండుట మంచితనమునకు గడపయే గాని గర్భగృహము కాదు.

గడప దాటి లోనికి పోవు విధమును లూకా సువార్త పదియవ అధ్యాయము తెలుపుచున్నది. ధర్మశాస్త్రము నెరిగినవాడొకడు, తాను ప్రేమింపవలసిన పొరుగువాడెవడని యేసు నడిగెను. ఎవరిని ప్రేమింపవలెనో తేలినచో ఎవరిని ప్రేమింప నక్కరలేదో కూడ తేలునుగదా! ఆ ప్రశ్నలోని మర్మమదియే. యేసు ఒక కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు పోవు త్రోవ సుమారు 27 కిలోమీటర్ల దూరములో దాదాపు 1000 మీటర్లు దిగిపోవు నిర్జనమైన కొండదారి. ఆ దారిలో దొంగలచేత దెబ్బలు తిని కొనయూపిరితో పడియున్న వానిని చూచి, యాజకుడొకడును లేవీయుడొకడును ప్రక్కగా తొలగిపోయిరి. వీరిరువురును దేవాలయసేవకు చెందినవారు. నలుగురిలో గౌరవము గలవారు. వారు ఆ మనుష్యుని కొట్టలేదు, దోచలేదు. మేము మొదట చెప్పిన నాలుగు గుణములలో దేనికిని వారి నడవడి విరుద్ధము కాదు.

తరువాత వచ్చినవాడు సమరయుడు. యూదులకును సమరయులకును తరతరముల వైరము. దేవుని పూజింపవలసిన స్థలము యెరూషలేమని యూదులును, గెరిజీము కొండయని సమరయులును వాదించుచుండిరి. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున యూదుల యధిపతి గెరిజీముమీది ఆలయమును పడగొట్టించెను. అట్టి పగవారి జాతిలో పుట్టినవాడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టు కట్టి, తన వాహనముపై నెక్కించి, సత్రమునకు కొనిపోయి, రెండు దేనారములు చేతబెట్టి, అంతకు మించి ఖర్చయినచో తిరిగివచ్చునపుడు చెల్లింతునని పూటపడెను. దేనారము ఆ కాలమున కూలివాని ఒకనాటి కూలి.

కథ ముగించి యేసు ప్రశ్ననే త్రిప్పివేసెను. పొరుగువాడెవడని కాదు, ఆ మువ్వురిలో దెబ్బలు తిన్నవానికి పొరుగువాడైనవాడెవడని అడిగెను. ఆ శాస్త్రజ్ఞునికి సమరయుడను మాట నోట రాలేదు; జాలి చూపినవాడని మాత్రము చెప్పెను. యేసు ఆ కథలో సమరయుని మతమును మెచ్చుకొనలేదు, ఖండింపనులేదు. వాని చేతను చూపి, నీవును అట్లే చేయుమని పంపివేసెను. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని అంత్యతీర్పునందును ఇదే న్యాయము. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, పరదేశికి ఆశ్రయము, వస్త్రహీనునికి బట్ట, రోగికి పరామర్శ, చెరసాలలోనివానికి దర్శనము, ఇవియే యచ్చట అడుగబడును. శిక్ష పొందినవారిపై మోపబడినది చేసిన నేరము కాదు, చేయని మేలు. వారిలో దొంగయు హంతకుడును ఉన్నట్లు చెప్పబడలేదు. ఈ మాట కలిగినవారి గుండెలలో కలుక్కుమనవలసిన మాట.

ఇంతవరకు చూచినవారు క్రైస్తవుని మంచితనమనగా సత్కార్యములే యని తలపవచ్చును. కాని సత్కార్యమునకును ఒక చీడ కలదు. లూకా సువార్త 18వ అధ్యాయమున ఇరువురు దేవాలయమునకు పోయిరి. ఒకడు పరిసయ్యుడు, వారమునకు రెండుమార్లు ఉపవసించువాడు, తన సంపాదనలో పదియవ వంతు ధర్మమిచ్చువాడు. రెండవవాడు రోమునకు పన్ను వసూలు చేయుచు జనులచేత నిందింపబడు సుంకరి. పరిసయ్యుడు తాను ఇతరులవంటివాడను కానందుకు దేవునికి కృతజ్ఞత తెలిపెను. సుంకరి కన్నులైన పైకెత్తక, గుండె బాదుకొని, తాను పాపినని కరుణకై వేడుకొనెను. నీతిమంతుడుగా ఇంటికి వెళ్లినవాడు సుంకరియే యని యేసు తీర్పుచెప్పెను. పరిసయ్యుని ఉపవాసము దొంగది కాదు, దానము దొంగది కాదు. అతడు తన మేళ్లను దేవుని యెదుట జమాఖర్చు చిట్టావలె చదివెను. ప్రక్కనున్నవానిని తన చిట్టాలో తరుగు క్రింద వ్రాసెను. అదియే అతని లోపము.

ఇట్లు ఒకవైపున సత్కార్యము లేనివాడు మంచివాడు కాడు. మరియొకవైపున సత్కార్యమును నమ్ముకొన్నవాడును మంచివాడు కాడు. ఈ రెండు మాటలను పొందుపరచుటకై క్రైస్తవులు పడిన పాటు చాల గొప్పది. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 7వ అధ్యాయమున, మేలు చేయగోరియు చేయలేక, కీడు వలదనియు దానినే చేయు మనుష్యుని అవస్థను వర్ణించి, దేవుని కృపచేతను విశ్వాసముచేతను తప్ప నీతి కలుగదని బోధించెను. యాకోబు లేఖ రెండవ అధ్యాయము, క్రియలు లేని విశ్వాసము మృతమని చెప్పుచున్నది. చలికి వణకు సోదరునకు బట్టయీయక వట్టి దీవెన లిచ్చుటవలన ప్రయోజనమేమని అడుగుచున్నది. ఇవి పరస్పర విరుద్ధములని తోచును గాని, ప్రేమద్వారా పనిచేయు విశ్వాసమే లెక్కకు వచ్చునని పౌలే గలతీయుల లేఖలో వ్రాసియున్నాడు. ఒకడు వేరును గూర్చి చెప్పెను. మరియొకడు పండును గూర్చి చెప్పెను.

అయిదవ శతాబ్దారంభమున ఈ వివాదము మరల రేగెను. బ్రిటనునుండి రోమునకు వచ్చిన పెలాగియసు అను విరక్తుడు, అచ్చటి క్రైస్తవుల శిథిలాచారమును చూచి నొచ్చుకొని, దేవుడు ఆజ్ఞాపించినదానిని చేయు శక్తి మనుష్యుని సంకల్పమునకు గలదనియు, చేతకాదనుట సోమరితనమునకు సాకనియు బోధించెను. హిప్పో పట్టణపు బిషప్పగు అగస్టీను ఈ బోధను ఎదిరించెను. మనుష్యుని సంకల్పమే రోగగ్రస్తమైనదనియు, కృపయను ఔషధము లేనిదే అది మేలును కోరనైన కోరజాలదనియు ఆయన వాదము. 418లో కార్తేజునందు కూడిన సభ పెలాగియసు బోధను నిరాకరించెను. నిష్పక్షపాతముగ చూచినచో ఇరువురి మాటలలోను సారము కలదు. పెలాగియసు మాట లేనిచో బద్ధకము పెరుగును; అగస్టీను మాట లేనిచో గర్వము పెరుగును. పడిపోయినవానికి లెమ్మని చెప్పుట ధర్మమే. కాని కాలు విరిగినవానికి ఆ మాటతోబాటు చేయూత కూడ కావలయును.

1520లో మార్టిన్ లూథరు క్రైస్తవుని స్వాతంత్ర్యమును గూర్చిన గ్రంథమున, చెట్టు మంచిదైనపుడే పండు మంచిదగునను సువార్త దృష్టాంతమును చేపట్టి, మనుష్యుడు సత్కార్యములచేత మంచివాడు కాడనియు, దేవుని కృపచే మంచివాడైన పిదప సత్కార్యము సహజముగ పుట్టుననియు వాదించెను. 1547లో ట్రెంటు సభ, మనుష్యుని సంకల్పము కృపతో సహకరింపవలెననియు, విశ్వాసముతో ప్రేమ కూడియుండవలెననియు నిర్ణయించెను. ఈ భేదము యూరపును చీల్చిన కారణములలో నొకటి. తుదకు 1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్‌స్‌బర్గు నగరమున లూథరను సంఘముల సమాఖ్యయు రోమను కతోలిక సంఘమును ఒక ఉమ్మడి ప్రకటనపై చేవ్రాలు చేసినవి. మనుష్యుని అంగీకరించుట కేవలము దేవుని కృపవలననే యనియు, సత్కార్యములు దానికి ఫలములనియు అందు ఒప్పుకొనబడినది. ఆ మాటకు వచ్చుటకు నాలుగు శతాబ్దములకు పైబడి పట్టినది.

మన దేశమునందును ఈ ప్రశ్న యొకమారు తీవ్రముగ చర్చింపబడినది. 1820లో రాజా రామమోహన రాయలు నాలుగు సువార్తలనుండి యేసు నీతిబోధలను ఏర్చికూర్చి, అద్భుతములను మతసిద్ధాంతములను విడిచి, కలకత్తాలో ప్రకటించెను. శ్రీరాంపురపు మిషనరీ జోషువా మార్ష్‌మన్ దీనిని ఆక్షేపించెను. యేసు చెప్పిన నీతిని గ్రహించి యేసును విడుచుట చాలదనియు, ఆజ్ఞను మీరినవానికి క్షమ యెట్లు కలుగునో వట్టి నీతి చెప్పజాలదనియు ఆయన యాశయము. రామమోహనుడు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు విజ్ఞాపనములు ప్రకటించి, దేవుని యెడలను మనుష్యుని యెడలను ప్రేమయను ఆజ్ఞయే ధర్మసారమనియు, నిజమైన పశ్చాత్తాపమునకు దేవుడు క్షమ ననుగ్రహించుననియు సమాధానమిచ్చెను. ఎవరి పక్షము నెవరు పట్టినను ఒక్క సంగతి నిశ్చయము: నీతి చాలునన్నవానికి దానిని నడపి చూపు భారము కలదు, నీతి చాలదన్నవానికి అంతకు తక్కువ చేయు హక్కు లేదు.

ఈ తర్కమంతయు ఒక జీవితమున నెట్లు ఫలించునో చూపుట మంచిది. జాన్ ఉల్మను 1720లో ఉత్తర అమెరికాలోని న్యూజెర్సీలో జన్మించెను. క్వేకరులను మిత్రసమాజమునకు చెందినవాడు. యౌవనమున ఒక దుకాణములో పనిచేయుచుండగా, ఒక నీగ్రో స్త్రీని అమ్మిన క్రయపత్రమును వ్రాయుమని యజమానుడు ఆజ్ఞాపించెను. కొనువాడు పరుడు కాడు. ఆ మిత్రసమాజములోని వృద్ధుడే. ఉల్మను కాదనలేక వ్రాసెను. కాని మనస్సు పీడింపగా, దాస్యము క్రైస్తవధర్మమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు ఆ యిరువురి యెదుటనే చెప్పెను. మరల అట్టి పత్రము వ్రాయుమని వేరొకడు కోరినపుడు నిరాకరించెను. పిమ్మట ఊరూర తిరిగి, దాసులుగల స్వమతస్థుల యిండ్లకే పోయి, కోపింపక, ఎగతాళి చేయక, వారితో మృదువుగ వాదించెను. దాసులచే సేవచేయించుకొన్నచోట దానికి వెల యిచ్చుచుండెను. దాసుల శ్రమవలన వచ్చు చక్కెరను మానెను. 1758లో ఫిలడెల్ఫియా వార్షికసభ దాసులుగల సభ్యులను దర్శించి బోధించుటకు కొందరిని నియమించినపుడు వారిలో ఆయన యొకడు. 1772లో ఇంగ్లండునందలి యార్కులో మశూచిచే మరణించెను. 1776లో ఆ సభ తన సభ్యులెవరును దాసులను కలిగియుండరాదని శాసించెను.

ఆ స్త్రీని కొన్న వృద్ధుని తలపుడు. సభలో ఆయనకు పీట యుండెను; ఊరిలో పేరుండెను; అప్పులు తీర్చియుండును, అబద్ధమాడియుండడు. దేశశాసనము ఆ క్రయమును తప్పనలేదు, తోడివారును అనలేదు. మంచివారని పేరుగన్నవారి నడుమనే, మంచివారి సమ్మతితోనే, ఒక మనుష్యప్రాణి పశువువలె చేతులు మారినది. లోకుల కొలతకును సువార్త కొలతకును గల యంతరము ఇచ్చట అంగుళములతో కొలువవచ్చును. ఉల్మను ఆ వృద్ధునికంటె తాను శ్రేష్ఠుడనని చెప్పుకొనలేదు. అందుచేతనే ఆయన మాట వినువారికి కలిగెను. పరిసయ్యుని నోటినుండి వచ్చిన సత్యము చెవికి ములుకువలె గుచ్చుకొనును. సుంకరి నోటినుండి వచ్చినది హృదయమును చేరును.

కావున క్రైస్తవ మతమున సజ్జనుడనగా తప్పులేనివాడని యర్థము కాదు. తన తప్పును దేవుని వెలుగున చూచుకొనువాడు. క్షమ పొందితినని యెరిగి యితరులను క్షమించువాడు. దారిలో పడియున్నవాని జాతియు మతమును అడుగక ఆగువాడు. ఆగినందుకు తన్ను తాను మెచ్చుకొననివాడు. విద్యయు భూవసతియు గౌరవమును గల చదువరులారా, మనవంటివారికి కీడు మానుట సులభము; ఆకలి లేనివాడు దొంగిలింపకుండుటలో వింత యేమున్నది? మన వాకిట కూలికి వచ్చువానికి న్యాయమైన కూలి ముట్టుచున్నదా, మన సంతకముతో నడచు ఏ పత్రమువలన ఏ నిస్సహాయుని నోటికూడు తొలగుచున్నది, మనము తొలగిపోయిన దారిప్రక్కన ఎవరు మిగిలిరి, అని విచారించుటయే ఈ పాఠముయొక్క అభ్యాసము. దానికి జవాబు పుస్తకమున వ్రాయనక్కరలేదు. రేపటి పనిలో వ్రాసిన చాలును.